డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు: కండరపు జీవక్రియ నుంచి బోదవ్యాధి నిర్మూలన వరకు

ప్రత్యేక వ్యాసం

బోదవ్యాధి నిర్మూలన కార్యక్రమంలో భాగంగా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తీసుకువెళ్లే డీఈసీ మాత్ర, భీమవరంలో జన్మించిన ఒక తెలుగు శాస్త్రవేత్త పర్యవేక్షణలో అమెరికాలోని ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కండరాలలో శక్తి ఎలా నిలువ ఉంటుందన్న ప్రశ్నతో ప్రారంభమైన ఆయన కృషి ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ ఔషధాలు, టెట్రాసైక్లిన్ కుటుంబపు తొలి మందు, ఫైలేరియా చికిత్సల వరకు విస్తరించింది. జయంతి, వర్ధంతి సందర్భాలలో ఈ విజయాలను ఒకదాని కింద ఒకటిగా పేర్కొనడం పరిపాటి. అయితే ఇవి విడివిడి విజయాలు కావు. ఒక జీవి తనకు కావలసిన పదార్థాన్ని ఎక్కడి నుంచి పొందుతుంది, దానిని ఎలా వినియోగించుకుంటుంది, ఆ సరఫరా నిలిచిపోతే ఏమవుతుంది అన్న అన్వేషణే వీటన్నిటినీ కలిపే సూత్రం. ఆయన మరణానంతరం ఐదు దశాబ్దాలకు ఫైలేరియా పురుగు దేహంలోని సహజీవి బాక్టీరియాపై జరిగిన పరిశోధనలు ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకుపోయాయి. పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

జీవిత నేపథ్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రెండుసార్లు మెట్రిక్యులేషన్ తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులైనారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురి కావలసివచ్చింది. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. అనంతరం డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఈ కాలంలోనే ఆయన సోదరులు ఇద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆయుర్వేదంలో గ్రహణిగా వర్ణించబడిన రోగానికి దగ్గరి పోలికలు గల ఈ వ్యాధిలో చిన్నప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. రోగి తింటూనే కృశించిపోతాడు. నాలుక పుండ్లుపడి, విరేచనాలు ఆగక, రక్తం క్షీణించి ప్రాణాపాయ స్థితికి చేరుకుంటాడు. సుబ్బారావు సైతం ఇదే వ్యాధికి లోనై లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఇంట్లో జరిగిన ఈ నష్టం ఆయన పరిశోధనా జీవితాన్ని ఎంతవరకు నిర్దేశించినదో అంచనా వేయడం కష్టం. కాని రక్తహీనత, ప్రేగుల వ్యాధులు, పోషకాల లోపం అనే విషయాల వద్దకు ఆయన పదేపదే తిరిగి వచ్చారన్నది మాత్రం వాస్తవం.

మామగారి సహాయంతోను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహకారంతోను 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్య విద్యను అభ్యసించారు. జీవనోపాధికై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనులు చేశారు. ఆ తరువాత ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు.

నీలి రంగు చెప్పిన విషయం

హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద ఆయనకు అప్పగించిన పని పైకి సామాన్యమైనది: రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే నమ్మకమైన పద్ధతి కనుగొనడం. 1925లో వెలువడిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో నమూనాలోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, తగిన రసాయనం చేర్చినపుడు నీలి రంగును ఇస్తుంది. రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. జీవరసాయన విద్యార్థులకు ఈ పద్ధతి నేటికీ సుపరిచితం.

ఇదే పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవానికి వర్తింపజేసినపుడు ఒక విచిత్రం కనిపించింది. రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా, క్రమక్రమంగా గాఢమైంది. కొలతలో లోపమని దానిని పక్కన పెట్టి ఉండవచ్చును. సుబ్బారావు, ఫిస్కేలు అలా చేయలేదు. కండరంలోని భాస్వరంలో కొంత భాగం ఏదో అస్థిరమైన పదార్థంలో బంధితమై ఉండి, ఆమ్లంలో మెల్లగా విడివడుతున్నదని వారు గుర్తించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీనిని ప్రకటించారు. కండరం పనిచేసినపుడు అది తరుగుతుందని, విశ్రాంతిలో తిరిగి సమకూరుతుందని వారి ప్రయోగాలు నిరూపించాయి. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు సైతం స్వతంత్రంగా ఇదే పదార్థాన్ని గమనించారు.

ఈ ఆవిష్కరణ ప్రాముఖ్యం తెలియాలంటే ఆనాటి పరిస్థితిని గమనించాలి. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే ప్రధాన కారణమన్న సిద్ధాంతం అప్పట్లో సర్వామోదం పొందినది. కండరాలపై పరిశోధనలకు గాను ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించి ఉన్నది. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా అడ్డుకున్నప్పటికీ కండరం సంకోచిస్తుందని, అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త ఐనార్ లండ్స్‌గార్డ్ నిరూపించడంతో ఆ సిద్ధాంతం నిలువలేకపోయింది.

1929లో సుబ్బారావు, ఫిస్కేలు కండరం నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏటీపీని వేరుచేశారు. మేయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్ జర్మనీలో అదే సంవత్సరం దీనిని కనుగొన్నారు. కావున ఏటీపీ ఆవిష్కరణను పేర్కొనేటప్పుడు ఈ ఇరుపక్షాలనూ ప్రస్తావించడం సమంజసం. జీవకణాలన్నిటిలోను శక్తి మారకానికి ఏటీపీయే నాణెమన్న అవగాహన 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ రచనతో స్థిరపడింది. 1930లో సుబ్బారావుకు పి.హెచ్.డి. పట్టా లభించింది. శాశ్వత ఆచార్య పదవి మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

బాక్టీరియాయే త్రాసు

రక్తహీనతకు పచ్చి కాలేయం తినిపించే చికిత్సను 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీలు ప్రవేశపెట్టారు. కాలేయంలో ఏ పదార్థం రోగిని బ్రతికిస్తున్నదో ఎవరికీ తెలియదు. 1930వ దశకంలో సుబ్బారావు కాలేయ సారాన్ని భాగాలుగా విడదీసే పనికి పూనుకున్నారు. 1940లో న్యూయార్కు సమీపాన పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరిన పిదప పెద్ద బృందంతో ఈ పనిని కొనసాగించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. విడదీసిన ప్రతి భాగాన్ని రోగికి ఇచ్చి పరీక్షించడం అసాధ్యం. ఆ కొరతను సూక్ష్మజీవులు తీర్చాయి. లాక్టోబాసిల్లస్ కేసీ వంటి కొన్ని బాక్టీరియాలు కాలేయంలోని ఒక పదార్థం లేనిదే పెరగవు. పరీక్షనాళికలో బాక్టీరియా ఎంత పెరిగితే నమూనాలో ఆ పదార్థం అంత ఉన్నట్లు. ఒక విధంగా బాక్టీరియాయే త్రాసు అయినది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఇటువంటి పదార్థాన్నే గాఢపరచి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుంచి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ దీనిని కాలేయం నుంచి శుద్ధ రూపంలో రాబట్టారు. 1945లో సుబ్బారావు మార్గదర్శకత్వంలోని బృందం దీనిని కృత్రిమంగా తయారుచేసింది.

మానవుడు ఫోలేటును స్వయంగా తయారుచేసుకోలేడు. ఆహారం నుంచి పొందవలసిందే. పెద్దప్రేగులో నివసించే బాక్టీరియాలలో అనేకం దీనిని తయారుచేస్తాయి. అందులో కొంత మనకు అందుతుంది. ఇది సహజీవనపు మంచి ముఖం. బాక్టీరియాలు తమకు చోటులేని చిన్నప్రేగులలో విస్తరించినపుడు ఇదే సంబంధం వికటిస్తుంది. ఉష్ణమండల స్ప్రూలో జరిగేది చాలవరకు ఇదే: కోలిఫారం బాక్టీరియాలు చిన్నప్రేగులలో తిష్ఠవేస్తాయి, ప్రేగు గోడ దెబ్బతింటుంది, ఫోలేటు గ్రహణం కుంటుపడుతుంది, ఫోలేటు కొరవడినందున ప్రేగు గోడ బాగుపడదు. 1945-46లో అమెరికాలోను, క్యూబాలోను స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన వైద్యులు వారి రక్తం, ఆకలి త్వరితంగా మెరుగుపడటం గమనించారు. 1960వ దశకంలో వేలూరు పరిసర గ్రామాలలో స్ప్రూ ప్రబలినపుడు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు జరిపిన అధ్యయనాలు ఈ వ్యాధిపై అవగాహనను పెంచాయి. నేటి వైద్యగ్రంథాలు దీనికి సూచించే చికిత్స కొన్ని నెలలపాటు ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్.

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా లెడర్లీ నుంచే వచ్చినది. మిస్సోరి రాష్ట్రపు మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి దీనిని కనుగొన్నవారు వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ కార్యక్రమాన్ని నడిపించిన పరిశోధనా సంచాలకులు సుబ్బారావు. 1948లో దీనిని వెల్లడించారు. సోదరులను బలిగొన్న వ్యాధికి నేడు వాడే రెండు మందుల మూలాలూ ఆయన ప్రయోగశాలలోనే ఉన్నవన్న సంగతి వార్తాకథనాలలో అరుదుగా కనిపిస్తుంది.

ఫోలిక్ ఆమ్లం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతకు అసలు కారణం విటమిన్ బి12 లోపం. ఆ విటమిన్ 1948లో వేరుచేయబడింది. ఫోలిక్ ఆమ్లం ఆ రోగుల రక్తాన్ని సరిచేస్తుంది గాని నరాలకు జరిగే హానిని ఆపలేదు. పైగా రక్తం బాగుపడినందున అసలు లోపం మరుగున పడే ప్రమాదం ఉన్నది.

సరఫరా నిలిపివేసే విద్య

పోషకం అందించి రోగిని బ్రతికించవచ్చునంటే, అదే పోషకాన్ని అడ్డగించి రోగకణాన్ని చంపవచ్చును. బోస్టన్ శిశువైద్య నిపుణుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చినపుడు వ్యాధి వేగం పుంజుకున్నట్లు కనిపించింది. దీనికి విరుగుడుగా ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలు కావలసివచ్చాయి. లెడర్లీ రసాయనవేత్తలు తయారుచేసిన అమినోప్టెరిన్ అటువంటిది. 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ప్రచురించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించింది. రోగం మళ్లీ తిరగబెట్టింది. కాని రక్తక్యాన్సర్‌ను మందుతో వెనక్కు నెట్టవచ్చునని స్పష్టమైనది. దీని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ కొన్ని క్యాన్సర్లకు, కీళ్లవాతానికి ప్రధాన ఔషధం.

పురుగు లోపలి నివాసి

ఫైలేరియా కథ దీనికన్న దీర్ఘమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ ద్వీపాలలోని అమెరికన్ సైనికులు ఈ వ్యాధికి గురికావడంతో మందు అన్వేషణ ముమ్మరమైంది. లెడర్లీలో హెవిట్, కుష్నర్ తదితరులతో కూడిన బృందం కాటన్ ర్యాట్ అనే ఎలుకలలో నివసించే లిటొమొసాయిడెస్ పురుగుపైన, కుక్కల హృదయంలో ఉండే పురుగుపైన అనేక రసాయనాలను పరీక్షించింది. 1947లో వెల్లడైన డైఇథైల్ కార్బమజైన్, అనగా డీఈసీ, హెట్రజాన్ పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ మరుసటి సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయస్సులో న్యూయార్కులో కన్నుమూశారు.

డీఈసీ రక్తంలో తిరిగే పిల్లపురుగులను, అనగా మైక్రోఫైలేరియాలను, త్వరగా తొలగిస్తుంది. శోషరస నాళాలలో ఏళ్ల తరబడి బ్రతికే పెద్దపురుగులపై దీని ప్రభావం పాక్షికం. ఈ కారణంగానే మందు పంపిణీని ఏటేటా పునరావృతం చేయవలసివస్తున్నది.

పెద్దపురుగు బలహీనత ఎక్కడ ఉన్నదో తెలియడానికి అర్ధశతాబ్దం పట్టింది. హార్వర్డ్‌లో 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే శాస్త్రవేత్తలు క్యూలెక్స్ దోమ కణాలలో నివసించే బాక్టీరియాను వర్ణించారు. 1936లో దానికి వోల్బాకియా అని పేరు పెట్టారు. సుబ్బారావు అప్పట్లో అదే విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఇది కాలమూ స్థలమూ కలియడం మాత్రమే. ఆ పరిశోధనతో ఆయనకు సంబంధం అంటగట్టరాదు. 1970వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఫైలేరియా పురుగుల దేహంలో బాక్టీరియా వంటి ఆకృతులు కనిపించాయి. అవి వోల్బాకియాలని 1990వ దశకంలో తేలింది.

1999లో జర్మనీకి చెందిన ఆఖిమ్ హోరౌఫ్ బృందం లిటొమొసాయిడెస్ సోకిన ఎలుకలకు టెట్రాసైక్లిన్ ఇచ్చింది. బాక్టీరియా నశించడమేగాక పురుగుల ఎదుగుదల, సంతానోత్పత్తి దెబ్బతిన్నాయి. వోల్బాకియా లేని మరొక ఫైలేరియా జాతికి అదే మందు ఇచ్చినా హాని కలుగలేదు. అనగా మందు పురుగును కాదు, దాని సహజీవిని దెబ్బతీసింది. సహజీవి పోగానే పురుగు నిలువలేకపోయింది. లెడర్లీ బృందం డీఈసీని పరీక్షించినది లిటొమొసాయిడెస్ జాతిపురుగుపైనేనన్న విషయం, టెట్రాసైక్లిన్ కుటుంబం మొదలైనదీ ఆ ప్రయోగశాలలోనేనన్న విషయం కలిపి చూడదగినవి. ఆనాడు ఒకే సంస్థలో రెండు మందులూ ఉన్నాయి. వాటిని కలిపే కారణం మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కారణం జీవక్రియలోనే ఉన్నట్లు జన్యు పరిశోధనలు వెల్లడించాయి. బ్రూజియా మలయి అనే ఫైలేరియా పురుగులోని వోల్బాకియా జన్యుక్రమం 2005లోను, పురుగు జన్యుక్రమం 2007లోను ప్రచురితమైనాయి. హీమ్, రైబోఫ్లేవిన్, న్యూక్లియోటైడ్ల తయారీకి కావలసిన జన్యుసామగ్రి బాక్టీరియా వద్ద ఉన్నది. పురుగు వద్ద హీమ్, రైబోఫ్లేవిన్ తయారీ మార్గాలు సంపూర్ణంగా లేవు. అమైనో ఆమ్లాలను అధికభాగం తయారుచేసుకోలేని బాక్టీరియా వాటికై పురుగుపై ఆధారపడుతున్నది. ఒకరి వంటింటి సరుకు మరొకరి పొయ్యి మీద వండుకున్నట్లు ఈ రెండు జీవులు కాలం గడుపుతున్నాయి.

మనుషులపై జరిగిన పరీక్షలలో టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను కొన్ని వారాలపాటు ప్రతిరోజూ ఇచ్చినపుడు పెద్దపురుగులు గొడ్డుబారి, అధికభాగం మరణించాయి. 2005లో ప్రచురితమైన టాంజానియా అధ్యయనం వీటిలో ముఖ్యమైనది. అయితే గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరాదు. వారాల తరబడి రోజూ మింగించడం సామూహిక పంపిణీలో సాధ్యపడదు. కాబట్టి ఇది వ్యక్తిగత చికిత్సకే పరిమితం. కొద్ది రోజులలో వోల్బాకియాను తుదముట్టించగల కొత్త మందులకై అన్వేషణ సాగుతున్నది.

వార్తలలో తరచు దొర్లే ఒక గందరగోళాన్ని ప్రస్తావించాలి. డెంగ్యూ నియంత్రణకై ఏడిస్ దోమలలో ప్రవేశపెట్టే వోల్బాకియాకు, ఫైలేరియా పురుగులోని వోల్బాకియాకు వంశం ఒకటే అయినా రకాలు వేరు, పాత్రలు వేరు. మొదటిది దోమలో వైరస్ పెరుగుదలను అడ్డుకునేందుకు ఉద్దేశించినది. రెండవది పురుగుకు ప్రాణాధారం. మన ప్రాంతంలో బోదవ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలో సహజంగా ఉండే వోల్బాకియా ఈ రెండింటికీ భిన్నమైనది.

నిర్మూలన కార్యక్రమం

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైంది. 2004 నుంచి వార్షిక సామూహిక మందుల పంపిణీ చేపట్టి, 2007 నుంచి డీఈసీకి ఆల్బెండజోల్‌ను జతపరచారు. ఎంపిక చేసిన జిల్లాలలో 2018 నుంచి ఐవర్‌మెక్టిన్‌తో కూడిన మూడు మందుల విధానాన్ని ప్రవేశపెట్టారు. తొలుత 2015 నాటికి నిర్మూలించాలని 2002 జాతీయ ఆరోగ్య విధానం సంకల్పించినా గడువు పలుమార్లు పొడిగింపబడింది. ప్రస్తుత జాతీయ లక్ష్యం 2027. పొరుగున ఉన్న శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి.

బోదకాలు వచ్చినవారికే మందు అవసరమన్న అపోహ పంపిణీకి ప్రధాన ఆటంకం. పైకి ఏ లక్షణమూ లేనివారి రక్తంలో సైతం మైక్రోఫైలేరియాలు ఉండవచ్చును. అవి రాత్రివేళలోనే ఉపరితల రక్తంలోకి వస్తాయి గనుక రక్తపు నమూనాలను రాత్రిపూట సేకరిస్తారు. మందు మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు కలుగవచ్చును. పిల్లపురుగులు చనిపోయినపుడు శరీరం చూపే ప్రతిస్పందనయే దీనికి చాలవరకు కారణం. సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. ఇటువంటి సంఘటనలను మందు వికటించినట్లుగా ప్రచురించే ముందు స్థానిక వైద్యాధికారి వివరణ తీసుకోవడం మంచిది.

డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలను 2 నుంచి 5 సంవత్సరాల పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 సంవత్సరాల వారికి రెండు, 15 సంవత్సరాలు, ఆ పైబడిన వారికి మూడు చొప్పున ఇస్తారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఇవ్వరు. పరగడుపున మింగరాదు. మాత్రలను ఇంటివద్ద వదిలి వెళ్లక, ఆరోగ్య కార్యకర్త సమక్షంలోనే మింగించవలసి ఉంటుంది.